చార్మినార్ రూపాయికి మూడు షిఫ్టులు

చిట్కుల్‌లో మా వీధి మొదట్లో నిలబడి సుధాకర్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. రేటు సారు ఇల్లెక్కడ అని అడగండి, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా గేటు ముందు నిలబెడతారు. ఈ బిరుదు నాకు సభ పెట్టి, శాలువా కప్పి ఇచ్చింది కాదు. ఎంబ్రాయిడరీ మిషను కోసం మా ఆవిడ చిట్టీ కట్టి దాచుకున్న డబ్బును ఒకే ఒక్క వానాకాలంలో గంగలో కలిపి, నా స్వశక్తితో సంపాదించుకున్నాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. మధ్యలో నా మీద జాలి పడొద్దు. జాలి పడదగ్గ మనిషి వేరే ఉంది, ఆమె పేరు స్వరూప.

ముందు నా గురించి కాస్త. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడి మాటే మాట్లాడతాను, ఆవకాయ జాడీ దగ్గర మాత్రం అక్కడివాణ్ణయిపోతాను. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఇంజన్లకు వేసే బుష్షులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. ప్రతి షిఫ్టులో మిషను మీంచి దిగిన బుష్షులు కొన్ని తీసి, మైక్రోమీటరుతో కొలిచి, ఆ కొలతను గోడ మీది గ్రాఫులో చుక్కగా పెట్టాలి. దాన్ని రీడింగు అంటాం. చుక్కలు రెండు ఎర్ర గీతల మధ్య బుద్ధిగా నడుస్తుంటే అందరం టీ తాగొచ్చు. గీత దాటితే మిషను ఆపి, కారణం వెతకాలి. మా లోకంలో మూడు షిఫ్టుల్లోనూ కొలవనిదాన్ని నమ్మకూడదు.

ఈ పని ఏళ్ల తరబడి చేసినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. స్వరూప చపాతీలు చేసి పెడితే నేను పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తీసి మందం చూసేవాణ్ణి. నాలుగోది నా నెత్తిన పడేది.

ఇలా ఉండగా జిన్నారం దగ్గర స్వరూప పుట్టింటికి వెళ్లాం. స్వరూప నాయనమ్మ బాలవ్వ, నడుముకు దోపుకున్న చిన్న సంచి విప్పి ఒక వెండి నాణెం తీసి నా చేతిలో పెట్టింది. ఒక వైపు చార్మినార్ బొమ్మ, రెండో వైపు ఉర్దూ అక్షరాలు.

"నిజాం రూపాయి బిడ్డా. మా అత్త నాకిచ్చింది. నేనేం జేసుకుంట? ఎంతొస్తదో సూడు. వచ్చిన పైసలు పిల్ల మిషన్ల కలుపుర్రి" అంది.

చూశారా, ఎంత తేలికైన పని! సంగారెడ్డికి పోవాలి, అమ్మాలి, రావాలి. బస్సెక్కడం వచ్చిన ఎవడైనా చేసేస్తాడు. నేను సంగారెడ్డి పోయాను. అక్కడ పాత గడియారాలు, గ్రామఫోన్లు, నాణేలు అమ్మే ఖాదర్ భాయ్ దుకాణం ఉంది. ఆయన నాణేన్ని భూతద్దం కింద పెట్టి, తిప్పి చూసి, "మంచిగుంది సార్. రెండు వేలిస్త" అన్నాడు.

ఇచ్చేయాల్సింది. కానీ ఒక్క రీడింగుతో నిర్ణయం తీసుకోవడమా? నా చదువు ఏం కావాలి, నా ఉద్యోగం ఏం కావాలి? "సోంచాయించి చెప్త భాయ్" అని వచ్చేశాను.

వారం తర్వాత ఫోన్ చేశాను. "భాయ్, చార్మినార్ సిక్కా ఎంత నడుస్తున్నది?"

"మల్ల అడుగుతున్నరంటే... రెండు వేల రెండొందలు అనుకోండ్రి సార్."

పెరిగింది! నేను ఏమీ చేయకుండానే పెరిగింది. నా వేళ్లు గ్రాఫు కాగితం కోసం దురద పెట్టాయి. చిట్కుల్‌లో మా బెడ్రూం గోడకు, పెళ్లి ఫోటో పక్కన, ఒక పెద్ద గ్రాఫు వెలిసింది. కొన్నాళ్లకు పెళ్లి ఫోటో పక్కకు జరిగింది.

నాకు తెలిసిన వ్యాపారులు ముగ్గురు. ఒకరు ఖాదర్ భాయ్. ఒకరు పటాన్‌చెరు అంగడిలో పాత సామాన్లు పెట్టుకునేవాడు. మరొకరు తెల్లాపూర్‌లో ఎత్తైన అపార్టుమెంటులో కూర్చుని నాణేలు కొంటూ అమ్మే పెద్దమనిషి. ఈ ముగ్గురి దగ్గరా మూడు షిఫ్టుల్లోనూ రీడింగు తీయాలి. నేనొక్కణ్ణే చేస్తే నిద్రెప్పుడు? అందుకని పొద్దుటి షిఫ్టు నేనే కంపెనీ ఫోనులో గొంతు మార్చి అడిగేట్టు తీసుకుని, మధ్యాహ్నం షిఫ్టులో పనిచేసే యాదగిరిని పట్టుకున్నాను.

"నాకేం ఫాయిదా అన్నా?" అన్నాడు యాదగిరి.

"రీడింగుకు ఒక టీ."

"సమోస గూడ ఉంటదా?"

"గ్రాఫు పైకి పోతే సమోస."

రాత్రి షిఫ్టుకు ఒడిశా నుంచి వచ్చిన ఆపరేటర్ బెహరా ఒప్పుకున్నాడు. తెల్లవారి డ్యూటీ దిగేముందు ముగ్గురికీ ఫోన్ చేసి, "భాయ్‌సాబ్, చార్మినార్‌వాలా సిక్కా క్యా భావ్ హై?" అని అడగడం అతని పని. ఇద్దరికీ నేను గట్టిగా ఒక మాట చెప్పాను. "నా పేరు చెప్పొద్దు. మనం ముగ్గురం ఒకటే అని తెలువొద్దు. తెలిస్తే రీడింగు ఖరాబయితది."

ఇంకా ఉంది. మా కంపెనీలో కొలతల రిపోర్టును సరుకు సప్లయర్‌కు కూడా పంపుతాం. అది పద్ధతి. పద్ధతి తప్పడం నా ఒంట్లో లేదు కదా, ప్రతి శనివారం గ్రాఫును ఫోటో తీసి ముగ్గురు వ్యాపారులకూ వాట్సాప్‌లో పంపేవాణ్ణి. ముగ్గురు చెప్పిన ధరల సగటు పచ్చ గీతతో, ఎవరెంత చెప్పారో వేర్వేరు రంగుల్లో.

ఖాదర్ భాయ్ వెంటనే ఫోన్ చేశాడు. "మాషా అల్లా సార్! ఏం గీసిండ్రు! గిది జూస్తే నేనే తక్కువ చెప్తున్నట్టున్న."

"అవును భాయ్, మీరు సగటు కన్న కిందున్నరు" అని నేను ఆయన్ని మందలించాను.

మర్నాడు ఆయన సగటును దాటేశాడు. దాంతో మిగతా ఇద్దరూ సగటు కిందికి పోయారు. శనివారం వాళ్లకూ నా మందలింపు అందింది. ఆ పై వారం వాళ్లు ఖాదర్ భాయ్‌ని దాటారు. క్రమశిక్షణ గల మనుషులు.

మీరు నవ్వుతున్నారు. నాకు తెలుసు. ఇంత దూరం చదివిన మీకు అర్థమైంది, గోడకు మొహం ఆనించి రోజూ చూసిన నాకు అర్థం కాలేదు. ధర మూడు వేలు దాటింది, నాలుగు దాటింది, ఐదుకు చేరింది. గ్రాఫులో పై ఎర్ర గీత దాటిన రోజు ఏం చేయాలో మీకు చెప్పాను. మిషను ఆపి కారణం వెతకాలి. నేను స్కేలు తెచ్చి, ఎర్ర గీతను ఇంకాస్త పైన కొత్తగా గీశాను.

స్వరూప మిషను కుడుతూనే నా వంక చూసేది. ఆమెకున్నది మామూలు కాలి మిషను. దాని మీదే చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ జాకెట్లు కుడుతుంది. ఎంబ్రాయిడరీ మిషను వస్తే పూల పని, జరీ పని తానే చేయొచ్చని రెండేళ్ల నుంచి చిట్టీ కడుతోంది. ఆ చిట్టీ ఆ నెలలోనే చేతికొచ్చింది.

"ఐదు వేలయింది గదా, ఇగ అమ్మరాదు?" అంది.

"ఇప్పుడెవడన్న అమ్ముతడా? ఇప్పుడు కొనాలె."

"కొనుడా?" అని కాలు ఆపింది. "ఎవలు కొంటున్నరు గివి?"

"మార్కెట్."

"మార్కెట్ అంటె ఎవలు? పేరు చెప్పు."

"పేర్లు ఉండయి స్వరూపా. అది డిమాండు."

"నా కాడికి జాకెట్లకు వచ్చేటోళ్లందరికి పేర్లున్నయ్. ఇగో ఇది లక్ష్మిది, ఇది సునీతది. నీ డిమాండుకు ఒక్క పేరు గూడ లేదా?"

నేను ఆమెకు గ్రాఫు వివరించాను. చుక్కలు చూపించాను. పచ్చ గీతను ఆమె సూది కన్నా నిటారుగా పొడిగించి, దసరా నాటికి ఎక్కడికి చేరుతుందో చూపించాను. అక్కడికి చేరడానికి గోడ చాలక సీలింగు మీద ఒక గుర్తు పెట్టాల్సి వచ్చింది. పాపం, పదేళ్లుగా నన్ను చూస్తున్న మనిషి. కొలతల విషయంలో నేను తప్పు చేయనని ఆమెకు ఒక నమ్మకం. ఆ నమ్మకమే ఆమె కొంప ముంచింది.

"బతుకమ్మకు మస్తు జాకెట్లు ఒప్పుకున్న. అడ్వాన్సులు గూడ దీసుకున్న. ఎంగిలిపూల బతుకమ్మకు పక్షం రోజుల ముందుగాల మిషను ఇంట్ల ఉండాలె. మాటంటె మాటనే" అంది.

"ఒక్క మిషనేంది, రెండు మిషన్లు పెడ్త" అన్నాను.

మరుసటి ఆదివారం ఆ చిట్టీ డబ్బుతో ముగ్గురు వ్యాపారుల దగ్గరా ఉన్న చార్మినార్ రూపాయిలన్నీ ఊడ్చేశాను. ఒకటీ అరా కాదు, పధ్నాలుగు. ఖాదర్ భాయ్ నాకు బిర్యానీ తినిపించాడు. వ్యాపారి కొనేవాడికి బిర్యానీ తినిపించాడంటేనే ఏదో తేడా ఉందని తెలియాలి. నాకు లెగ్ పీస్ బాగుందని మాత్రమే తెలిసింది.

సరుకు ఇంటికి చేరింది కదా, ఇంక రీడింగులెందుకు? పైగా కంపెనీలో మిషన్ల మరమ్మతులకని కొన్నాళ్లు ఉత్పత్తి ఆపారు. బెహరా ఊరెళ్లాడు. యాదగిరికి సమోసాలు ఆగిపోయాయి. శనివారం గ్రాఫు కూడా ఆగింది. కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు నేను ఆ నాణేల మీద నిశ్చింతగా కూర్చున్నాను.

అనుకున్న రోజు వచ్చింది. నాణేలమ్మి, అటునుంచి అటే సంగారెడ్డిలో మిషను తీసుకుని ఆటోలో వేసుకొద్దామని ఇద్దరం బయల్దేరాం. స్వరూప పెళ్లికి పెట్టిన పట్టుచీర కట్టుకుంది. చేతి సంచిలో మిషను ముందు కొట్టడానికి కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. దారి పొడుగునా ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"భాయ్, ఈ రోజు రేటెంత?" అంటూ దుకాణంలో అడుగుపెట్టాను.

ఖాదర్ భాయ్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "అల్లా పంపిండు మిమ్మల్ని! నేనే మీకు ఫోన్ చేద్దామనుకుంటున్న. మీరు గ్రాఫు పంపుడు బంద్ జేసిండ్రు. ఇగ రేటెంతో మాకెట్ల తెలుస్తది?"

నా నవ్వు మొహం మీదే ఉండిపోయింది. "మీకు... తెల్వదా?"

"మేం ముగ్గురం మీ గ్రాఫు జూసే చెప్తుంటిమి గదా సార్."

"అట్లనా. మరి గిరాకి ఎట్లుంది?"

"మొత్తం ఠండా. ఎట్లుండె గిరాకి! పొద్దుగాల ఒకరు, పగటీలి ఒకరు, తెల్లారంగ ఒక హిందీ ఆయన. గడియారం పెట్టుకున్నట్టె ఫోన్లు. పటాన్‌చెరు మొత్తం ఎగబడ్డదనుకున్న. ఏమయిందో ఏమో, అందరు ఒక్కపారే బంద్ జేసిండ్రు."

నా వీపు మీద చెమట ఒక గీత గీసుకుంటూ కిందికి దిగింది. ఆ వానాకాలంలో నేను చూసిన మొదటి దిగే గీత అదే.

స్వరూప మెల్లిగా అడిగింది. "భాయ్, వాళ్లు ఫోన్ జేసినప్పుడు ఎనక ఏమన్న ఇనిపిస్తుండెనా?"

"అవునమ్మా! సైరన్ ఇనిపిస్తుండె. ఫ్యాక్టరీ సైరన్. పొద్దుగాల ఆయనకు సైరన్, పగటీలి ఆయనకు సైరన్, హిందీ ఆయనకు గూడ సైరన్."

"అడిగింది ముగ్గురు. మరి కొన్నదెవలు?"

"కొన్నది సార్ ఒక్కరేనమ్మా" అన్నాడు ఖాదర్ భాయ్, నా వైపు ఎంతో గౌరవంగా చెయ్యి చూపిస్తూ.

డిమాండుకు పేరు దొరికింది. తండ్రి పేరుతో సహా ఆమెకు తెలిసిన పేరే.

"వాపసు తీసుకుంటరా భాయ్?" అన్నాను.

"నేనేం జేసుకుంట సార్? ఎవలడుగుతున్నరు? మీ మొహం జూసి వెండి తూకానికైతే తీసుకుంట." ఆయన మంచివాడే. నాకు టీ కూడా తెప్పించాడు. బిర్యానీ మాత్రం తెప్పించలేదు.

బయటికొచ్చాం. స్వరూప తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. తిడితే బాగుండేదని ఆ రోజు నాకు నిజంగా అనిపించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని, ఒళ్లో సంచి పెట్టుకుని ఊరికే బయటికి చూసింది. నాకు సిగ్గేసింది. నవ్వులాటకు చెబుతున్నాను గానీ, ఆ ప్రయాణంలో నేను ఆమె చేతి సంచి వైపు చూడలేకపోయాను. ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర ఆమె నోరు విప్పింది.

"కొబ్బరికాయ చట్నీ జేస్త. నిమ్మకాయల్తోని నీకు దిష్టి దీస్త. గీ తెలివికి ఎవలి కన్నో తగిలి ఉంటది."

మర్నాడు సంగతి విన్న యాదగిరి కడుపు పట్టుకుని నవ్వి, తేరుకుని, ఒక ఉపాయం చెప్పాడు. "పరేషాన్ గాకు అన్నా. మల్ల మూడు షిఫ్టులు నడుపుదాం. రేటు లేపుదాం. ఎవనికన్న అంటగడదాం. ఈసారి టీ గూడ వద్దు నాకు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పరుగెత్తి స్వరూపకు చెప్పాను.

"ఎవలికి అంటగడ్తవ్?" అంది.

"మార్కెట్‌కు."

"మార్కెట్ అంటె నువ్వేనని నిన్న తేలింది గదా. ఇంకొక నీ అసుంటోడు దొరికితె, వాని పెండ్లాం గూడ చిట్టి కడుతుండొచ్చు. ఆమె కొబ్బరికాయ సంచి పట్టుకొని బస్సుల కూసోవాల్నా?"

గోడ మీది గ్రాఫును తీసి మడిచి అటక మీద పడేశాను. పెళ్లి ఫోటో తన చోటికి తాను వచ్చింది.

ఒప్పుకున్న జాకెట్లు ఇవ్వాలి కదా. ఇస్నాపూర్‌లో ఒక టైలర్ దగ్గర ఎంబ్రాయిడరీ మిషను కిరాయికి తెచ్చాం. కిరాయి కట్టడానికి నేను డబుల్ డ్యూటీలు చేశాను. డ్యూటీ దిగి వచ్చి హుక్కులు కుట్టాను. అవును, నేనే. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ సుధాకర్, ఒళ్లో లక్ష్మి గారి జాకెట్టు వేసుకుని. మొదటి రోజు హుక్కుల మధ్య దూరం కొలవడానికి కంపెనీలోని వెర్నియర్ లాంటిది ఒకటి బయటికి తీశాను.

"గది లోపల పెట్టు. లక్ష్మి జాకెట్టు తొడుక్కుంటది, ఇంజన్ల బిగియ్యది" అంది స్వరూప. నాణేల సంగతి తర్వాత ఆమె మొదటిసారి నవ్వింది అప్పుడే. నేను వెర్నియర్ లోపల పెట్టాను.

ఎంగిలిపూల బతుకమ్మ నాటికి చివరి జాకెట్టు చివరి హుక్కుతో సహా వెళ్లిపోయింది. పండక్కి వచ్చిన బాలవ్వకు నేనే కథంతా చెప్పాల్సి వచ్చింది. తలుపు చాటున దాక్కుందామంటే ఇల్లు చిన్నది. ఆమె నాణేలన్నీ ఒళ్లో పోసుకుని, తన నాణెం ఏదో గుర్తుపట్టలేక, పళ్లు లేని నోటితో పగలబడి నవ్వింది.

"నేను ఒక్కటిస్తి, నువ్వు గిన్ని జేస్తివి బిడ్డా! నిజాం గూడ గింత జల్దీ జెయ్యలే!"

మరుసటేడు స్వరూప తన సంపాదనతోనే సొంత మిషను కొనుక్కుంది. కొబ్బరికాయ ఆమే కొట్టింది. నన్ను నీళ్లు పట్టుకుని దూరంగా నిలబడమంది. నాణేలు కందిపప్పు డబ్బాలో అడుగున పడుకున్నాయి.

అక్కడితో అయిపోతే ఈ కథ చెప్పేవాణ్ణి కాదు. మొన్న ఖాదర్ భాయ్ ఫోన్ చేశాడు. గొంతులో ఎంత హుషారో!

"సార్, మీ చార్మినార్ లేచింది! వారం సంది ఒక అమ్మ దినాం ఫోన్ జేసి రేటు అడుగుతున్నది. నేను రెండొందలు పెంచిన, మల్ల అడిగింది. ఇంకో మూడొందలు పెంచిన, మల్ల అడిగింది! గిరాకి ఉంది సార్. ఎనక ఏదో మిషను సప్పుడు వస్తది, పెద్ద ఫ్యాక్టరీ ఓనరమ్మ అయి ఉంటది!"

నేను ఎగిరి గంతేశాను. ఫోన్ చేత్తో పట్టుకునే లోపలికి పరుగెత్తాను. "స్వరూపా! డబ్బా దియ్యి! రేటు లేస్తున్నది! ఈసారి నేను కాదు, యాదగిరి కాదు, ఎవరో ఫ్యాక్టరీ ఓనరమ్మ! నిజమైన మార్కెట్!"

స్వరూప ఎంబ్రాయిడరీ మిషను ఆపింది. ఇంట్లో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. ఆమె నా వైపు చూడలేదు. దారం తెంపుతూ, మిషనుకు చెప్పినట్టుగా మెల్లగా అంది.

"గా అమ్మను నేనే. గవి అమ్మి పీడ వదిలించుకుందామని అడిగిన. దినాం రేటు తెల్వకుంట ఎట్ల అమ్ముతం?"

ఆ రోజు మేమిద్దరం దేవుడి పటం ముందు నిలబడి, నేను మైక్రోమీటరు మీద, ఆమె కొలత టేపు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాం. ఈ జన్మలో, ఏ షిఫ్టులోనూ, కొనేది లేకుండా ఏ వస్తువు ధరా అడగము. అడగక తప్పకపోతే ఒక్కసారే అడుగుతాము. సైరను గానీ మిషను గానీ వినబడే చోట నుంచి అసలే అడగము. ఇది రాసే ముందు పటాన్‌చెరు అంగడికి వెళ్లాను. టమాటాల రాశి ముందు నిలబడి, నోరు తెరిచి, ప్రమాణం గుర్తొచ్చి మూసుకుని, టమాటాలవాడు చెప్పినంతా ఇచ్చి వచ్చాను. పక్కన నిలబడ్డ పెద్దమనిషి మాత్రం "ఎట్లిచ్చిండు?" అని నన్నడిగాడు. నేను చెప్పలేదు. చెబితే సగటు పెరుగుతుంది.